ఆకాశపు తూముల దగ్గర ఆగిన పన్నెండు శనివారాలు

నేను నీటిపారుదల శాఖలో 34 ఏళ్లు పనిచేశాను. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, ఎక్కడ చూసినా తూములే నా బతుకు. ఆదికాండము 7వ అధ్యాయంలో జలప్రళయం మొదలైనప్పుడు ఆకాశపు తూములు విప్పబడినట్టు మన తెలుగు బైబిలులో ఉంది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ మాట దగ్గర ఒక్కసారీ ఆగలేదు. విజయవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల దుకాణాలకు దగ్గరగా, ఒక మేడ మీద శనివారం సాయంత్రాలు జరిగిన తరగతిలో మొదటిసారి ఆగాను.

పన్నెండు వారాలు, వారానికి రెండు గంటలు. రుసుము 600 రూపాయలు, నోట్సు జిరాక్సు అందులోనే. ఆదికాండము మొదటి 11 అధ్యాయాలను, అవి పుట్టిన కాలంలో చుట్టుపక్కల జనం చెప్పుకున్న కథల పక్కన పెట్టి చదవడం, అంతే పాఠం. పాతికమందిమి ఉన్నాం. పటమట నుంచి ఒక పాస్టరుగారు, ఇద్దరు సిస్టర్లు, డిగ్రీ చదివే పిల్లలు, ఏ చర్చికీ వెళ్లని ఒక బ్యాంకు ఉద్యోగి. మాస్టారు ఎవరి విశ్వాసాన్నీ చిన్నబుచ్చలేదు, ఎవరి ప్రశ్ననూ దాటవేయలేదు.

మూడో వారం తూముల సంగతి వచ్చింది. "బాబాయిగారూ, తూము ఎత్తితే నీళ్లు రావాలంటే ఏం ఉండాలి?" అని మాస్టారు నన్నే అడిగారు. వెనకాల నిలవ నీరు ఉండాలి అన్నాను. "ఆ రోజుల్లో వినేవాళ్లకు ఆకాశం అలాగే కనిపించింది" అన్నారు ఆయన. పైన నీళ్లు, వాటిని ఆపి ఉంచే గట్టి కప్పు. మన బైబిలులో 'విశాలము' అని ఉన్నచోట హెబ్రీలో ఉన్న 'రాకియ' అనే మాట, లోహాన్ని సుత్తితో కొట్టి రేకుగా సాగదీయడమనే క్రియ నుంచి వచ్చిందట. బబులోను (ఇప్పటి ఇరాక్) వాళ్ల సృష్టి కావ్యంలో మర్దూకు దేవుడు సముద్రరూపిణి తియామతును చంపి, ఆమె శరీరాన్ని రెండుగా చీల్చి, ఒక సగాన్ని పైకప్పుగా వేసి, నీళ్లు బయటికి పోకుండా కాపలా పెడతాడు. అది విన్నాక ఆదికాండము మొదటి అధ్యాయం మళ్లీ చదివించారు. అగాధ జలం అక్కడా ఉంది. కానీ యుద్ధం లేదు, శవం లేదు, కాపలావాళ్లు లేరు. మాట చాలు. సూర్యచంద్రులకు పేర్లు కూడా లేవు, పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అంతే. చుట్టుపక్కల జనం ఆ పేర్లతోనే దేవుళ్లను కొలిచేవారు కాబట్టి. ఇన్నేళ్లు సండే స్కూలులో పిల్లలకు ఈ అధ్యాయం చెప్పాను. ఎంత ధైర్యమైన అధ్యాయమో అప్పుడు తెలిసింది.

బబులోను వాళ్లు మట్టి పలకల మీదే రాసేవారు కాబట్టి, నాలుగో వారం మాస్టారు కృష్ణ ఒడ్డు నుంచి బంకమట్టి తెచ్చారు. తలా ఒక ముద్ద. అరచేతిలో బిస్కెట్టంత పలకగా ఒత్తుకుని, కోసిన రెల్లుపుల్ల అంచును అందులో దిగగుచ్చాం. గీస్తే మట్టి చిట్లుతుంది, గుచ్చి తీస్తే మేకు ఆకారంలో చక్కగా గుంట పడుతుంది. దేవుడికీ ఆకాశానికీ వాళ్లు వాడిన గుర్తు ఒకటే, నక్షత్రంలా ఉంటుంది. నాకు మూడోసారికి కుదిరింది. ఆ పలక ఎండి మా ఇంట్లో టీవీ పక్కన ఉంది.

ఇక జలప్రళయం. దీనికి మూడు వారాలు ఇచ్చారు, ఇచ్చింది తక్కువే. నీనెవె శిథిలాల్లో అష్షూరు రాజు అషుర్‌బనిపాల్ గ్రంథాలయం నుంచి తవ్వి తీసిన పలకలను లండన్‌లో జార్జ్ స్మిత్ చదివి, వాటిలో జలప్రళయం కథ ఉందని 1872 డిసెంబరులో సభలో ప్రకటించిన వైనం ఒక వారం. ఆ కథ ఉన్న బబులోను వాళ్ల గిల్గమేషు కావ్యం 11వ పలక ఇంకో వారం. అందులోనూ ఓడ ఉంది, కీలు (తారు) పూయడం ఉంది, పక్షులను వదలడం ఉంది. అక్కడ పావురం, వానకోయిల, చివరికి కాకి. మన బైబిలులో ఓడ కట్టిన నోవహు ముందు కాకిని వదిలాడు, తరువాత పావురాన్ని.

మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చింది. మూడు రోజులు డాబా మీద ఉన్నాం. పాత అలవాటు కొద్దీ గంటకోసారి మెట్ల గోడ మీద సుద్దముక్కతో నీటిమట్టం గీశాను. గీత కిందికి దిగిందా అని మా మనవరాలు అడుగుతూనే ఉండేది. నోవహు పక్షిని వదిలింది కూడా ఆ గీత కోసమే అని తరగతిలో కూర్చున్నప్పుడు తట్టింది. ఆ మాట చెబితే మాస్టారు పాఠం ఆపి, మా మెట్ల సంగతి మొత్తం చెప్పించుకున్నారు.

వరద తగ్గాక, ఇది పాపానికి శిక్ష అని ఒకాయన మా ఇంటి బురదలోనే నిలబడి చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి ఆ కథ తెరవాలంటే మనసొప్పలేదు. అత్రహాసిసు అనే ఇంకా పాత కావ్యంలో మనుషుల గోల వల్ల నిద్రపట్టక ఎన్‌లీలు దేవుడు వరద పంపుతాడు. గిల్గమేషు కావ్యంలో వరద తరువాత బలి అర్పిస్తే దేవుళ్లు ఈగల్లా మూగుతారు. ఆదికాండములో కారణం గోల కాదు, భూమి నిండా బలాత్కారం, అంటే హింస. నీళ్లు పంపే ముందే దేవుడు తన హృదయంలో నొచ్చుకున్నాడని ఉంది. పక్క కథలు వినకపోతే ఆ నొచ్చుకోవడం నా కంటికి ఆనేది కాదు. ఆ శనివారం రాత్రి ఇంటికి వచ్చి మా ఆవిడకు చదివి వినిపించాను.

లోపాలు కూడా చెప్పాలి. గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులతో ఒక సిస్టరు అయిదో వారం నుంచి మానేశారు. జిరాక్సులో పలకల బొమ్మలు నల్లటి మచ్చల్లా ఉన్నాయి. వంశావళులకు రెండు వారాలు పట్టింది, అందులో ఒకటి తగ్గించవచ్చు. దానివల్ల బాబెలు గోపురం చివరి వారంలో నలభై నిమిషాలకు కుదించుకుపోయింది. రాయి దొరకని దేశం కాబట్టి ఇటుకా మట్టికీలూ అని చెప్పారు, బబులోనులోని గోపురం పునాది ఒక్కో వైపు సుమారు 91 మీటర్లు అన్నారు, గంట కొట్టేశారు. ఇటుకబట్టీల మధ్య తిరిగినవాడిని, ఆ కాల్చిన ఇటుక సంగతి ఇంకో గంట వినాలనిపించింది.

బైబిలు కనీసం ఒకసారి చదివి వెళ్లండి, లేకపోతే మొదటి రెండు వారాలు తికమకగా ఉంటుంది. పాస్టర్లూ సండే స్కూలు చెప్పేవాళ్లూ తప్పకుండా వెళ్లాలి. తరువాతి విడత అబ్రాహాము కథలు, కల్దీయుల 'ఊరు' అనే పేరున్న పట్టణం నుంచి మొదలుపెడతారట. ఈసారి కింది అంతస్తులో గది చూడమని అడిగి, నాకూ ఆ సిస్టరుకూ కలిపి డబ్బు కట్టి వచ్చాను.