జాగ్రత్త: ‘ఫారిన్ అడ్రస్’ చూపించి నాకు యాంటీవైరస్ అంటగట్టారు

కంప్యూటర్‌కి ‘లైఫ్‌టైమ్ ప్రొటెక్షన్’ అంటూ ఎవరైనా ఫోన్‌లో అమ్ముతుంటే, డబ్బు కట్టేముందు ఇది చదవండి. నేను కట్టేశాను. రోజంతా కంప్యూటర్ ముందే కూర్చునేవాణ్ణి, అయినా పడ్డాను. ఎందుకంటే ఫోన్‌లో అమ్మినాయన చూపించినవన్నీ నా కంప్యూటర్‌లో నిజంగా ఉన్నవే. వాటి అర్థాలే ఆయన సొంతం.

ఏదో ఫాంట్ కోసం వెతుకుతుంటే స్క్రీన్ మొత్తం ఎర్రబడింది. సైరన్ మోత, ‘మీ కంప్యూటర్ లాక్ అయింది, స్విచాఫ్ చేయొద్దు’ అని హెచ్చరిక, కింద పెద్ద అక్షరాల్లో ఫోన్ నంబర్. మూసేద్దామంటే ఇంటూ గుర్తు ఎక్కడా లేదు. టెన్షన్‌లో ఆ నంబర్‌కే ఫోన్ చేశాను. అసలది లాకూ కాదు, గీకూ కాదు. మామూలు వెబ్ పేజీ ఒకటి ఫుల్ స్క్రీన్ చేసుకుని కూర్చుంది. ఎస్కేప్ కీ కాసేపు నొక్కిపట్టినా, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఆపేసినా పోయేది. పైగా విండోస్ ఇచ్చే అసలైన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండనే ఉండదు. ఈ ఒక్క ముక్క తెలిసుంటే ఇదంతా రాసే పని తప్పేది.

అవతలాయన మహా మర్యాదస్తుడు. ‘కంగారు పడకండి సార్, నేను లైన్‌లోనే ఉన్నాను’ అంటూ ఒక చిన్న యాప్ దింపించాడు. అందులో కనబడే తొమ్మిది అంకెలు చెప్పమన్నాడు, చెప్పాను. రిమోట్ యాక్సెస్ అంటే ఇదే. మౌసూ కీబోర్డూ అవతలివాడి చేతికిచ్చి, మనం పక్కన కూర్చుని చూడటం.

ముందు ఈవెంట్ వ్యూయర్ తెరిచాడు. ఎర్ర గుర్తులు, పసుపు త్రికోణాలు వందల్లో ఉన్నాయి. ‘ఇవన్నీ ఇన్‌ఫెక్షన్లే సార్’ అన్నాడు. అది విండోస్ రాసుకునే డైరీ లాంటిది. ఏదో సర్వీసు ఆలస్యంగా మొదలైనా, ప్రింటర్ పలక్కపోయినా అక్కడో ఎర్రర్ పడుతుంది. ఏ జబ్బూ లేని కంప్యూటర్‌లో తెరిచినా ఇవి కనబడతాయి.

తర్వాత కమాండ్లు కొట్టే నల్ల విండోలో నెట్‌స్టాట్ అని కొట్టాడు. కంప్యూటర్ ఎవరెవరితో కనెక్ట్ అయి ఉందో చూపించే కమాండ్ అది. గడగడా వరసలు దిగాయి. ఒక నిలువు వరస పైన ‘ఫారిన్ అడ్రస్’ అని ఉంది. దాని చుట్టూ మౌస్ తిప్పుతూ, ‘చూశారా, విదేశాల హ్యాకర్లు ఇప్పుడే కనెక్ట్ అయి ఉన్నారు’ అన్నాడు. నా గుండెల్లో రాయి పడింది. ఫారిన్ అంటే ఇక్కడ విదేశం కాదండీ, కనెక్షన్‌కి అవతలి కొస. మనం తెరిచిన వెబ్‌సైట్లూ మెయిలూ అన్నీ ఆ వరసలోనే కనబడతాయి. ఆ రాత్రి నేనే మళ్లీ కొట్టి చూస్తే, వాటిలో కొన్ని 127.0.0.1 అని ఉన్నాయి. అంటే కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకుంటోందని. నా కంప్యూటరే నాకు ఫారిన్ హ్యాకర్!

అసలు దెబ్బ ‘లైసెన్స్ నంబర్’తో కొట్టాడు. ‘ఇది మీ ఒక్కరి కంప్యూటర్‌కే ఉంటుంది, రాసుకోండి’ అంటూ 888తో మొదలయ్యే పొడవాటి నంబర్ చదివాడు. ఏదో కమాండ్ కొడితే స్క్రీన్ మీద పొల్లుపోకుండా అదే వచ్చింది. ఇంక నమ్మక ఏంచేస్తాం? తీరా చూస్తే అది ఫైళ్లను జిప్ చేసే, అంటే కుదించి కట్టే సదుపాయానికి విండోస్ పెట్టుకున్న గుర్తు. అందరి విండోస్‌లోనూ ఒకటే.

ఆ ‘లైఫ్‌టైమ్ ప్రొటెక్షన్’ కొనడానికి కార్డు నంబర్ కొట్టే పేజీలో నేను కాస్త తటపటాయించాను. తాళం గుర్తు చూపించి ‘సెక్యూర్ సైట్ సార్’ అన్నాడు. ఆ తాళానికి అర్థం దారిలో ఎవరూ మన వివరాలు చదవలేరని, అంతే. అవి చేరేది దొంగ చేతికా దొర చేతికా అన్నది దానికి పట్టదు. దొంగలకూ ఆ తాళం ఉచితంగానే దొరుకుతుంది. చూడాల్సింది అడ్రస్‌లో మొదటి ఒంటి స్లాష్‌కి సరిగ్గా ముందున్న పేరు. నేను కట్టిన పేజీ అడ్రస్ పేరున్న కంపెనీతోనే మొదలైంది, స్లాష్ దగ్గరికొచ్చేసరికి ఇంకెవరిదో పేరు.

బిల్లులో ‘వైరస్, వార్మ్, ట్రోజన్, అన్నీ తొలగించాం’ అని రాశారు. వైరస్ ఇంకో ఫైలుకి అతుక్కుని పాకుతుంది. వార్మ్‌కి ఆ ఆసరా కూడా అక్కర్లేదు, 1988లో మోరిస్ వార్మ్ నెట్‌వర్క్‌లో తనంతట తానే పాకింది. ట్రోజన్ పనికొచ్చే ప్రోగ్రాంలా నటించి లోపలికొస్తుంది. ఆ లెక్కన నా కంప్యూటర్‌లోకి వచ్చిన ట్రోజన్ ఏదైనా ఉంటే అది ఆయనే. ఇంతకీ నేను కొన్నదేమిటంటే, విండోస్ 10తో ఉచితంగా వచ్చిన డిఫెండర్ అనే యాంటీవైరస్, దాని పక్కన ఒక కొత్త ఐకాన్.

ఇప్పటికే అంకెలు చెప్పేసినవాళ్లు ముందు నెట్ తీసేయండి, ఆ యాప్ తొలగించండి, బ్యాంకుకి ఫోన్ చేయండి. పాస్‌వర్డులు మాత్రం వేరే పరికరం నుంచి మార్చండి. వాటిలో మెయిల్‌ది మొదట, ఎందుకంటే మిగతావన్నీ రీసెట్ అయ్యేది దాని ద్వారానే.

వారం తర్వాత మళ్లీ ఫోన్. ‘మా కంపెనీ మూసేస్తున్నాం, మీ డబ్బు రీఫండ్ చేస్తాం, ఆ యాప్ ఒక్కసారి తెరవండి సార్.’ అదే మర్యాద గొంతు. తెరిస్తే మన బ్యాంకు పేజీలో అంకెలు మార్చి, పొరపాటున ఎక్కువ వేశామని చూపించి, ‘మిగతాది’ తిరిగి పంపమంటారట. తొమ్మిది అంకెలు అడిగాడు. ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసగా చదివి ఫోన్ పెట్టేశాను.