బీచ్ రోడ్డు గాలికి ఊగిన మా క్యాంపర్ వ్యాన్

ఈ యాత్రలో నాకు మిగిలిన కోపమంతా తొమ్మిది వేల ఐదు వందల రూపాయల మీద. ఆ సంగతి చెప్పకుండా అరకు మంచు గురించి రాయడానికి మనసొప్పడం లేదు.

కిందటేడు ఒక పాత టెంపో ట్రావెలర్‌ను క్యాంపర్‌గా మార్పించాం. వెనక మంచం, దాని కింద 200 లీటర్ల నీళ్ళ ట్యాంకు, ఆ పక్కనే బ్యాటరీలు, పనిముట్ల పెట్టె. రాజమండ్రి నుంచి వైజాగ్ మీదుగా అరకుకు బయల్దేరాక హైవే మీద 70 దాటితే చాలు, స్టీరింగ్ తేలిపోయేది. పెద్ద బస్సు దాటుతుంటే ముందు పక్కకు నెట్టేది, ఆ వెంటనే దాని వైపే లాగేది. తుని దగ్గర నుంచి మా ఆవిడ మాట్లాడటం మానేసింది. పైనున్న పిడిని మాత్రం వదల్లేదు.

వైజాగ్‌లో దిగగానే హైవే పక్కన అద్దాల షోరూం లాంటి షెడ్డుకు తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు బండి కిందికి దూరి చూడలేదు, ఎంత బరువుందని అడగలేదు. "స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే రాయిలా నిలబడుతుంది సార్" అన్నాడు. డ్యాంపర్ అంటే స్టీరింగ్ అదురును అణిచే చిన్న షాక్ అబ్జార్బర్. దానికి, బిగింపుకు 9,500. అలైన్‌మెంట్‌కు (చక్రాలు తిన్నగా నడిచేలా కోణాలు సరిచేయడం), బ్యాలెన్సింగ్‌కు మరో 1,800. నాలుగు టైర్లకూ ఒకటే గాలి కొట్టి పంపించాడు.

ఆ సాయంత్రమే రుషికొండ దాటి భీమిలి వెళ్తుంటే సముద్రం గాలి పక్క నుంచి కొట్టింది. బండి మునుపటిలాగే ఊగింది. మా ఆవిడ అప్పుడు నోరు విప్పింది. "ఏమండీ, ఇలాగే ఘాట్ ఎక్కుతారా? నేను పాపను తీసుకుని రైల్లో వస్తాను." నా దగ్గర జవాబు లేదు.

భీమిలిలో కొబ్బరి తోట ఉన్న ఒక ఇంటి ఆవరణలో బండి నిలుపుకోనిచ్చారు. రాత్రికి 600, శుభ్రమైన బాత్రూం, ఒక కరెంటు ప్లగ్గు. బీచ్‌లో పార్కింగ్ కోసం తిరిగేకంటే ఇదే మేలు. ఆ ఇంటాయనే గాజువాక ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గరకు వెళ్ళమన్నారు.

అరవై దాటిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తలుపు తీసి చూశాడు. "ఏటి బాబూ, బరువంతా ఎనకాలెట్టేస్తే ముందర తేలిపోదేటి? ముందు కాటా ఎయించుకుని రా" అన్నాడు. కాటాకు వంద రూపాయలు. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి తూయించాలని కూడా ఆయనే చెప్పాడు. మొత్తం 3,460 కిలోలు. అందులో ముందు ఇరుసు మీద 1,060 మాత్రమే, మూడో వంతు కూడా లేదు!

పిల్లలు చెరో కొసన కూర్చుని ఊగే బల్ల లాంటిదే ఇదీ: ఒక కొస దిగితే రెండోది లేస్తుంది. మా ట్యాంకు వెనక ఇరుసుకు మీటరున్నర అవతల వేలాడుతోంది. ఇరుసుల మధ్య దూరం 3.7 మీటర్లు. అంటే నిండు ట్యాంకు ఒక్కటే ముందు చక్రాల మీంచి ఎనభై కిలోలు ఎత్తేస్తోంది. నేల మీద గట్టిగా ఆనని చక్రం స్టీరింగ్ మాట ఎలా వింటుంది? డ్యాంపర్ గుంతల అదురును, చక్రం వణుకును అణుస్తుంది కానీ లేని బరువును ముందుకు తీసుకురాదు.

తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని ఊపి చూపించాడు. ఒక టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే కడ్డీ చివరి కీలు) వదులైంది, ముందు కమాను కట్టల బుష్‌లు అరిగిపోయాయి. వాటిని మార్చకుండా చేసిన అలైన్‌మెంట్ ఆ షెడ్డు గేటు దాటేవరకూ కూడా నిలవదు. సామాన్లు, కూలి కలిపి 4,200 అయింది. బ్యాటరీలు, పనిముట్లు కలిపి 110 కిలోలు డ్రైవర్ సీటు వెనక్కి మార్చాం, ట్యాంకులోంచి 120 లీటర్లు బయటికి పారబోశాం. మళ్ళీ కాటా వేయిస్తే ముందు 1,240, వెనక 2,100. ఆ లెక్క ప్రకారం చల్లటి టైర్లకు ముందు వేరుగా, వెనక వేరుగా గాలి పెట్టించి, అన్నీ అయ్యాకే అలైన్‌మెంట్ చేయించాడు. ఎవరైనా సరే ఇదే వరుసలో చేయించుకోండి: తూకం, వదులైన భాగాలు, గాలి, చివర్న అలైన్‌మెంట్.

శృంగవరపుకోట దాటాక ఘాట్ హాయిగా ఎక్కేశాం. మలుపుల్లో బండి కాస్త పక్కకు వాలుతుంది. దానికి వెనక స్టెబిలైజర్ బార్ వేయించాలి, అది వేరే పని. గాలికొండ దగ్గర మంచు, అనంతగిరిలో కాఫీ, అరకులో 350 రూపాయల బొంగులో చికెన్. ఆకుల వాసన పట్టిన ఆ ముక్కల కోసం పాప రెండో పూట కూడా మారాం చేసింది. ఘాట్ ఎక్కేముందు ట్యాంకు నింపకండి, నీళ్ళు పైన దొరుకుతాయి.

తిరుగు ప్రయాణంలో అనకాపల్లి దాటాక రెండు బస్సులు వరసగా పక్క నుంచి దూసుకుపోయాయి. బండి గీత తప్పలేదు. ఆ సంగతి చెబుదామని పక్కకు చూస్తే మా ఆవిడ నిద్రపోతోంది. అన్నవరంలో ప్రసాదం కోసం ఆపినప్పుడు లేచింది.