వాట్సాప్‌లో సర్కారు సేవలు: మన మిత్ర, ధాన్యం స్లాటు, పీఎం కిసాన్ వాడినాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను, వాట్సాప్‌లో ఆంధ్రప్రదేశ్ సర్కారు సేవలు అందించే మన మిత్ర నాకు నచ్చింది. మాది కృష్ణా డెల్టా, వరి పండిస్తాం. ఇంట్లో నాన్న పనులే కాదు, మా వీధిలో స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళ పనులు కూడా నా ఫోన్‌లోంచే అవుతుంటాయి. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన రోజుల నుంచీ వాడుతున్నాను. 95523 00009కి హాయ్ అని పెడితే తెలుగులో మెనూ వస్తుంది, కరెంటు బిల్లు కట్టొచ్చు, ఆర్టీసీ టికెట్ తీసుకోవచ్చు, సర్టిఫికెట్లకి అప్లై చేసుకోవచ్చు. కొత్త యాప్ ఎక్కించుకునే పని లేదు, పాస్‌వర్డ్ గోల అసలే లేదు. అన్నిటికన్నా నాకు సంతోషం కలిగించింది ఇంటర్ హాల్‌టికెట్లు ఇందులో ఇవ్వడం, ఎందుకంటే ఫీజు బాకీ ఉందని కాలేజీ వాళ్ళు హాల్‌టికెట్ ఆపితే ఆ పిల్లల టెన్షన్ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

రైతుగా నాకు అసలు ఉపయోగపడింది మాత్రం దానికంటే ముందే, 2024 ఖరీఫ్‌లో వచ్చిన ధాన్యం స్లాటు, అంటే సర్కారుకి ధాన్యం అమ్మే రోజు, టైము వాట్సాప్‌లోనే ముందుగా బుక్ చేసుకోవడం. దాని నంబరు వేరు, 73373 59375. హాయ్ పెట్టి ఆధార్ నంబరు ఇస్తే రైతు పేరు చూపిస్తుంది, సరే అన్నాక ఏ కొనుగోలు కేంద్రం, ఏ రోజు, ఏ టైము, ఏ రకం ధాన్యం, ఎన్ని బస్తాలు అని ఒక్కొక్కటే అడిగి కూపన్ కోడ్ పంపుతుంది. ఇదివరకు ఎప్పుడు తీసుకుంటారో తెలియక కళ్ళంలోనే పడుకునేవాళ్ళం, ఇప్పుడు ఫలానా రోజు అని తెలిస్తే ట్రాక్టరు, హమాలీలు ముందే మాట్లాడుకోవచ్చు. కాకపోతే తేమ సంగతి ఫోన్‌కి తెలియదు కదా. 17 శాతం దాటకూడదు. మిషన్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి, రోడ్డు వార పట్టాలేసి ఆరబోసి, కాలితో తిరగేస్తూ, మబ్బు పడితే పరుగున కుప్ప చేసి కప్పుతూ ఉంటాం, స్లాటు రోజుకి ఆరకపోతే ఆ కూపన్ చేతిలో పెట్టుకుని ఏం లాభం? అందుకే మేం స్లాటు కోతల రోజు చూసి కాదు, వాన కబురు చూసి పెట్టుకుంటాం.

కేంద్రం రైతులకి డబ్బులు వేసే పీఎం కిసాన్ పథకంలో ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనం మనమేనని రుజువు చేసుకోవడం, పెద్దవాళ్ళకి పెద్ద పరీక్ష. నాట్లు, కలుపు, కోతలతో మా నాన్న వేలిముద్రలు అరిగిపోయాయి, మిషన్ మీద ఎంత నొక్కినా పడవు. 2023లో యాప్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి వచ్చాక ఇంటి అరుగు మీదే అయిపోయింది. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, కళ్ళజోడు తీయించి, రెప్ప ఆర్పమన్నాను, అంతే. దీన్ని పెట్టినవాళ్ళకి నిజంగా దండం పెట్టాలి. అయితే చాలా పనులకి ఓటీపీ కావాలి, అది ఆధార్‌కి లింకైన నంబరుకే వస్తుంది. రీఛార్జి చేయక ఆగిపోయిన పాత సిమ్ము, దుబాయ్ వెళ్ళిన కొడుకు నంబరు ఇచ్చిన ముసలివాళ్ళు ఊరికి ఎంతమందో, వాళ్ళకి ఎన్ని సేవలు పెట్టినా ఒకటే.

నన్ను బాగా బాధపెట్టేది కౌలు రైతుల విషయం. మా వైపు సాగు చేసేవాళ్ళలో కౌలుదారులే ఎక్కువ. పీఎం కిసాన్ భూమి ఉన్న కుటుంబాలకే, ఏడాదికి 6,000 రూపాయలు కౌలుదారుకి రావు. ధాన్యం అమ్మాలన్నా ఈ-క్రాప్‌లో, అంటే ఏ చేను ఎవరు సాగుచేశారో రాసుకునే సర్కారు నమోదులో, పేరుండాలి, దానికి కౌలుదారుని సాగుదారు హక్కు కార్డు అడుగుతారు, 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకి భూమి యజమాని సంతకం తప్పనిసరి, యజమాని ఏ హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి సంతకమంటే భయపడతాడు. ఏ మెనూ నొక్కినా ఈ ముడి విప్పలేం, కాయకష్టం చేసినవాడి పేరు స్క్రీన్ మీద కనబడదు. చట్టం మారాల్సిన చోట వాట్సాప్ ఏం చేస్తుంది? అది మారేదాకా కౌలుకి చేసేవాళ్ళు నారు పోసేనాటికే కార్డు పని చూసుకోండి, సచివాలయంలో ఈ-క్రాప్ జాబితా అంటించినప్పుడు వెళ్ళి మీ చేను ఎవరి పేరున ఎక్కిందో కళ్ళారా చూసుకోండి, తప్పుంటే అభ్యంతరం అప్పుడే రాసివ్వండి.