అమ్మానాయనలను చూసుకోవడం: నెల వంతు మేలా, పని పంపకం మేలా?

అన్నదమ్ముల్లో ఒకరు మాట మీద నిలబడని మనిషైతే పెద్దవాళ్లను ఎలా చూసుకోవాలని మా అనంతపురంలో తెలిసినవాళ్లు తరచూ అడుగుతున్నారు. ఒకరు ఊర్లో, ఒకరు బెంగళూరులో ఉన్న ఇళ్లలో ఈ టెన్షన్ మరీ ఎక్కువ.

నెల వంతు పైకి న్యాయంగానే ఉంటుంది. ఇద్దరూ మాట తప్పనివాళ్లైతే నేనూ అదే చెబుతాను. కానీ ఒకటో తేదీ వచ్చి పిలుచుకుపోతానన్న తమ్ముడు పదో తేదీకీ రాకపోతే, అన్ని రోజులూ అమ్మ సంచి సర్దుకుని కూర్చోవాలి. ఎవరికీ అక్కర్లేకపోయానా అని ఆమె లోలోపల కుమిలిపోతుంది. పైగా అలవాటైన డాక్టరు ఇక్కడే, ఒకటో తేదీన ఇంటికి తెచ్చిచ్చే 4,000 రూపాయల ఎన్టీఆర్ భరోసా పింఛనూ ఇక్కడే.

మా ఇంట్లో అందుకే వంతులు మానేసి పనులు పంచుకున్నాం. ఒక పని ఒకరోజు తప్పితే పెద్దవాళ్లకు ఏమవుతుందో చూసి పంచాలి. ఇన్సులిన్, బీపీ మాత్రలు, రాత్రి బాత్రూమ్‌కి తోడు: ఇవి దగ్గరున్నవాళ్లే చూసుకోవాలి. ఆలస్యమైనా ప్రాణం మీదికి రానివి రెండోవాళ్లకు ఇవ్వాలి. అందులో మొదటిది డబ్బు. నెలనెలా అడిగితే నెలనెలా గొడవే. బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టిస్తే, జీతం పడిన మరునాడు అమ్మ ఖాతాలోకి దానంతటదే వెళ్తుంది.

ఈ పద్ధతిలో దగ్గరున్నవాళ్ల మీద, అందులోనూ ఇంటి కోడలి మీద, భారం ఎక్కువ పడుతుంది. కాబట్టి తమ్ముడి నుంచి ఖర్చులో సగానికి మించి అడగండి, మొహమాటపడొద్దు. దాంతో పగటిపూటకైనా మనిషిని పెట్టుకుంటే ఆమెకు ఊపిరాడుతుంది.

ఇద్దరికీ కుదరకపోతే వృద్ధాశ్రమం ఉంది. చేర్చే ముందు భోజనాల వేళ వెళ్లి చూసి రండి.

ఇక చట్టం. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌కి పెద్దవాళ్లు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 దాకా భరణం ఇప్పిస్తారు. అక్కడిదాకా పోతే అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోతాయి, అందుకే నేను దాన్ని చివరికి ఉంచుతాను. ఇల్లో పొలమో ఇంకా పెద్దవాళ్ల పేరు మీదే ఉంటే, బిడ్డలకు రాసిచ్చే పత్రంలో తమను చూసుకోవాలనే షరతు తప్పకుండా రాయించమనండి. షరతు రాసి ఉండి, తర్వాత చూసుకోకపోతే, అదే చట్టం 23వ సెక్షన్ కింద ఆ పత్రాన్ని రద్దు చేయించుకోవచ్చు.