శోధ్‌గంగతో పన్నెండేళ్ళు: చెన్నై నుంచి ఒక పాఠకురాలి సమీక్ష

ట్రిప్లికేన్‌లో మా ఇంటి నుంచి మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి నడిచి వెళ్ళవచ్చు. అంత దగ్గరలో ఉండి కూడా, నా పరిశోధనకు కావలసిన దారులు చాలావరకు నాకు గుజరాత్‌లోని గాంధీనగర్ నుంచి దొరికాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం అక్కడ ఉంది. అది నడిపే శోధ్‌గంగను, అంటే పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఇంటర్నెట్‌లో ఉంచే భాండాగారాన్ని, 2013 నుంచి వాడుతున్నాను. మొదట మద్రాసు తెలుగు పత్రికల చరిత్ర మీద పనిచేసే పరిశోధక విద్యార్థినిగా వాడాను, తరువాత కళాశాల అధ్యాపకురాలిగా వాడాను, ఇప్పుడు ఇద్దరు పరిశోధక విద్యార్థులకు గైడ్‌గా వాడుతున్నాను. ఇన్నేళ్ళ తరువాత దీని మీద నాకున్న గౌరవమూ, తెలుగు పాఠకురాలిగా నాకున్న బెంగా రెండూ ఇక్కడ రాస్తున్నాను.

శోధ్‌గంగ లేని రోజులు గుర్తున్నవారికే దాని విలువ బాగా తెలుస్తుంది. ఒక సిద్ధాంత గ్రంథం చూడాలంటే అది సమర్పించిన ఊరికి వెళ్ళాలి. మన శాఖాధిపతి నుంచి పరిచయ లేఖ పట్టుకెళ్ళాలి. ఒకసారి నేను రాత్రి రైలెక్కి ఒక విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. ఆ విభాగం బీరువాల తాళాలు ఉండే ఉద్యోగి వారం రోజులు సెలవులో ఉన్నారని అక్కడికి వెళ్ళాక తెలిసింది. మెట్ల మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని, మధ్యాహ్నం బండికి తిరిగి వచ్చేశాను. నాకు కావలసింది ఆ గ్రంథంలో ఒక్క అధ్యాయం. రెండేళ్ళ తరువాత అదే గ్రంథం శోధ్‌గంగలో కనిపించినప్పుడు, ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఫోనులోనే ఆ అధ్యాయం చదివాను. అన్నం చల్లారిపోయింది.

దీని వెనుక ఉన్నది ఒక నిబంధన. పరిశోధక పట్టాల విషయంలో 2009లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) తెచ్చిన నియమావళి, సిద్ధాంత గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని కూడా సమర్పించాలని చెప్పింది. విశ్వవిద్యాలయాలు ఇన్‌ఫ్లిబ్‌నెట్‌తో ఒప్పందం చేసుకుంటాయి. ఆ తరువాత ఫైళ్ళు ఎక్కించడం, వివరాలు నింపడం ఆయా విశ్వవిద్యాలయాల పని. నడిపించే సాఫ్ట్‌వేర్ డీస్పేస్, అమెరికాలోని ఎంఐటీ గ్రంథాలయాలు హ్యూలెట్ ప్యాకర్డ్‌తో కలిసి తయారు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఇప్పుడు గ్రంథాల సంఖ్య ఐదు లక్షలు దాటింది. చదవడానికి రుసుము లేదు. ఫలానా సంస్థలో సభ్యత్వం ఉండాలన్న షరతూ లేదు. మారుమూల పల్లెలో బీఏ చదివే అమ్మాయికీ, పెద్ద విశ్వవిద్యాలయంలో ఆచార్యులకూ ఒకే తలుపు తెరుచుకుంటుంది.

నాకు బాగా నచ్చినది ప్రతి గ్రంథానికీ ఇచ్చే శాశ్వత సంఖ్య. అది 10603 అన్న అంకెతో మొదలవుతుంది. సైటు రూపం మారినా ఆ సంఖ్య పట్టుకుని వెళ్తే గ్రంథం దొరుకుతుంది. నా పరిశోధనలో అధోజ్ఞాపికలన్నీ ఈ సంఖ్యలతోనే ఇచ్చాను. పదేళ్ళనాటి నా నోటుపుస్తకంలోని సంఖ్యలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. ఇంటర్నెట్‌లో పదేళ్ళు నిలిచే చిరునామా ఎంత అరుదో పరిశోధన చేసినవారికి చెప్పనక్కరలేదు.

వాడగా వాడగా నాకొక అలవాటు కుదిరింది. గ్రంథం తెరవగానే మొదటి అధ్యాయానికి వెళ్ళను, ఉపయుక్త గ్రంథసూచికి వెళ్తాను. ఫైళ్ళు అధ్యాయాల వారీగా విడివిడిగా ఉంటాయి కాబట్టి ఇది సులువు. ఆ సూచి చూస్తే పరిశోధకుడు ఎక్కడెక్కడ తిరిగాడో, ఏ బీరువా ముందు కూర్చున్నాడో తెలిసిపోతుంది. అలా ఒక సూచిలో నాకు బంగారం దొరికింది. నేను మద్రాసంతా వెతికినా కనిపించని ఒక పత్రిక సంచికలు గుంటూరు జిల్లాలోని ఒక ఊరి గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయని అందులో ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం రాసిన వ్యక్తి పరిశోధనాంశం వేరు, కాలం వేరు. అయినా ఆ ఊరికి నన్ను తీసుకెళ్ళింది ఆయనే. అలాంటివారికి కృతజ్ఞత చెప్పుకోవడానికి సిద్ధాంత గ్రంథంలో ఒక పేజీ చాలదు.

ఇక బెంగ సంగతి. తెలుగులో రాసిన సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో చాలానే ఉన్నాయి. ఉన్నవాటిని పట్టుకోవడమే కష్టం. ఎక్కించేటప్పుడు చాలాచోట్ల తెలుగు శీర్షికను రోమన్ లిపిలో మాత్రమే రాస్తారు. ఆ రాయడంలో ఎవరి పద్ధతి వారిదే. ‘పత్రిక’ అన్న మాటలో ‘త’ దగ్గర కొందరు హెచ్ చేరుస్తారు, కొందరు చేర్చరు. కొందరు ‘పత్రికలు’ అంటారు, ఇంకొకరు ‘పత్రికల’ దగ్గర ఆపి తరువాతి మాటతో కలిపేస్తారు. దీర్ఘాలకు రెండు ‘ఏ’లు పెట్టేవారున్నారు, ఒక్కటి పెట్టేవారున్నారు. సంధులు, సమాసాలు ఉన్న భాషకు ఇది చిన్న సమస్య కాదు. నేను ఒకే విషయం మీద వెతకడానికి ఒక కాగితం మీద పదకొండు రూపాలు రాసుకుని ఒక్కొక్కటే కొట్టి చూశాను. తొమ్మిదో రూపానికి ఒక గ్రంథం దొరికింది. ఆ గ్రంథం అప్పటికే నాలుగేళ్ళుగా అక్కడ ఉంది!

రెండో కష్టం ఫాంట్లది. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతి రాకముందు, వచ్చాక కూడా చాలాకాలం, మనవాళ్ళు పాత డీటీపీ ఫాంట్లలోనే టైపు చేయించారు. తెర మీద చూస్తే ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలే. ఒక పేరా కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే డాలర్ గుర్తులు, సున్నాలు, ఏ భాషవో తెలియని అక్షరాలు వరసగా పడతాయి. కంటికి తెలుగుగా కనిపించేది కంప్యూటర్‌కు తెలుగు కాదు. అందువల్ల ఆ గ్రంథం లోపల ఒక పేరు కోసం వెతికితే లేదనే జవాబు వస్తుంది. మూడువందల పేజీలు కంటితోనే చదవాలి. స్కాన్ చేసిన పాత గ్రంథాలదీ ఇదే తీరు. వాటిని అక్షరాలుగా మార్చే పని జరగనంతవరకు అవి బొమ్మలే. ఒక పరిశోధకుడు ఐదేళ్ళు కష్టపడి రాసినది ఇలా పేజీ బొమ్మల్లో చిక్కుకుని, ఎవరి కంటా పడకుండా ఉండిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఈ కష్టాలు తీర్చగలిగేది ఎవరన్నది నాకు ఒక సదస్సులో తెలిసింది. మూడేళ్ళ క్రితం చెన్నైలో లైబ్రేరియన్ల రెండు రోజుల సదస్సు జరిగింది. మా కళాశాల లైబ్రేరియన్ పట్టుబట్టి నన్ను తీసుకెళ్ళారు. పాఠకుల వైపు నుంచి ఎవరైనా మాట్లాడాలి, మీరే మాట్లాడండి అన్నారు. నేను ఆ పదకొండు రూపాల కాగితాన్ని తెర మీద చూపించి కూర్చున్నాను. టీ విరామంలో రాయలసీమ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చారు. ఇరవై ఏళ్ళుగా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తున్నారట.

“మేము ఇలా రాస్తున్నామని, మీకు ఇలా ఇబ్బంది అవుతోందని ఇన్నేళ్ళలో ఎవరూ మాకు చెప్పలేదమ్మా,” అన్నారు. “దొరకకపోతే మీరు వెతకడం మానేస్తారు. మాకేమో అంతా బాగానే ఉందనిపిస్తుంది.”

ఆ సాయంత్రం సభ ముగిశాక ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచి, వివరాలు నింపే పట్టిక నాకు చూపించారు. అందులో శీర్షికకు ఒక గడి, ప్రత్యామ్నాయ శీర్షికకు ఇంకో గడి ఉన్నాయి. రెండో గడి ఎప్పుడూ ఖాళీగా వదిలేసేవారట. దానిలో తెలుగు లిపిలో శీర్షిక రాస్తే చాలు. కీలకపదాల గడిలో కూడా తెలుగు మాటలు రాయవచ్చు. ఇద్దరం కూర్చుని ఒక గ్రంథానికి ఎలా నింపాలో నమూనా రాసుకున్నాం. ఏ మాట విడగొట్టాలి, ఏది కలపాలి అని అరగంట వాదించుకున్నాం. ఆవిడకు ‘గ్రంథాలయోద్యమం’ ఒకే మాటగా ఉండాలి, నాకు ‘గ్రంథాలయం’, ‘ఉద్యమం’ విడిగా కూడా ఉండాలి. చివరకు మూడూ రాశాం.

లైబ్రేరియన్ల సదస్సులంటే వేదిక మీద శాలువాలు, దండలు, సంచులు అని చాలామంది చిన్నచూపు చూస్తారు. ప్రారంభ సభలు సాగదీస్తారన్నది నిజమే. కానీ ఒక ఊరి లైబ్రేరియన్ కనిపెట్టిన చిన్న ఉపాయం ఇంకో ఊరికి చేరే మార్గం అదే. ఇన్‌ఫ్లిబ్‌నెట్ జరిపే కాలిబర్, గ్రంథాలయాలను కలిపే డెల్‌నెట్ సంస్థ జరిపే నాక్లిన్ అనే సదస్సులు ఇందుకోసమే ఉన్నాయి. కాలిబర్ పత్రాలను ఇన్‌ఫ్లిబ్‌నెట్ తన భాండాగారంలో అందరికీ తెరిచి ఉంచుతుంది కూడా. ఫాంట్ల మార్పిడి గురించీ, భారతీయ భాషల కేటలాగుల గురించీ లైబ్రేరియన్లు తమలో తాము ఎంత తర్జనభర్జన పడ్డారో అలాంటి పత్రాలు చదివితేనే నాకు అర్థమైంది.

ఈ విషయంలో మన తెలుగువారికీ మద్రాసుకూ ఉన్న బంధం నాకు ఎంతో ఇష్టమైనది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఆ సంఘానికి ప్రాణం పోసిన అయ్యంకి వెంకటరమణయ్య చొరవతోనే 1919 నవంబరులో మద్రాసులో అఖిల భారత స్థాయి గ్రంథాలయ మహాసభ జరిగింది. ఇప్పుడు ఏటా నవంబరు 14 నుంచి జరుపుకునే గ్రంథాలయ వారోత్సవాలకు మూలం ఆ సభే. ఆ తరువాత, 1924లో, గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్‌గా చేరారు. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఆయన చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయాలని. ఖాళీగా వదిలేసిన ఆ రెండో గడిని చూసినప్పుడు నాకు ఆ సూత్రమే గుర్తొచ్చింది.

మిగతా సేవల గురించి క్లుప్తంగా చెబుతాను. కళాశాలలకు ఎలక్ట్రానిక్ పత్రికలు, పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్ కూడా ఇన్‌ఫ్లిబ్‌నెట్‌దే, అది మా కళాశాలకు ఉంది. ఇంగ్లీషు పత్రికలకు బాగా పనికొస్తుంది. డెల్‌నెట్ ద్వారా ఒక గ్రంథాలయం నుంచి ఇంకో గ్రంథాలయానికి పుస్తకాలు తెప్పించుకోవచ్చు. నాకు రెండుసార్లు పుస్తకాలు వచ్చాయి, రెండుసార్లూ మంచి స్థితిలోనే వచ్చాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ గ్రంథాలయం విద్యార్థులకు మంచి మొదటి మెట్టు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2002లోనే తన పరిశోధన పత్రాలకు బహిరంగ భాండాగారం పెట్టింది. విజ్ఞానశాస్త్రాల వారికి అది వరం, నా పని వేరు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలతో దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తోంది. గొప్ప పనే. తెలుగులో పరిశోధన చేసేవారికి మాత్రం మన గ్రంథాలు మనమే అందుబాటులో పెట్టుకోవాలి, శోధ్‌గంగ లాంటిది ఉండటం అందుకే అంత ముఖ్యం.

పరిశోధకులే చేయగలిగినది కూడా కొంత ఉంది. నా గ్రంథం సమర్పించేటప్పుడు మొత్తం యూనికోడ్‌లో టైపు చేయించాను. టైపు చేసే అబ్బాయి మొదట ఒప్పుకోలేదు. ఒత్తులు సరిగా పడవని, పేజీల లెక్క మారిపోతుందని అన్నాడు. మొదటి అధ్యాయానికి మూడు వారాలు పట్టింది, చివరి అధ్యాయానికి నాలుగు రోజులు చాలాయి. ఫైళ్ళు ఇచ్చేటప్పుడు తెలుగు శీర్షిక, రోమన్ శీర్షిక, ఇరవై కీలకపదాలు ఒక కాగితం మీద టైపు చేసి లైబ్రేరియన్‌కు ఇచ్చాను. ఆ కాగితం వల్ల తన పని పావుగంటలో అయిపోయిందని వారు చెప్పారు. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలిద్దరికీ ఈ కాగితం సిద్ధం చేయనిదే సంతకం పెట్టనని చెప్పాను.

శోధ్‌గంగ ఎవరికి పనికొస్తుందని అడిగితే, పరిశోధన మొదలుపెట్టబోయే ప్రతి తెలుగు విద్యార్థికీ అంటాను. అంశం ఎంచుకోకముందే ఒక నెల దానిలో గడపండి. శీర్షికతో దొరకకపోతే గైడ్ పేరుతో వెతకండి, ఒక గైడ్ దగ్గర వచ్చిన గ్రంథాలు సాధారణంగా ఒకే దారిలో ఉంటాయి. అక్కడ లేదంటే లేనే లేదని మాత్రం అనుకోవద్దు. 2009కి ముందువి ఎన్నో ఇంకా కాగితం మీదే ఉన్నాయి.

అలాంటిదే ఒకటి గత నెలలో మా పరిశోధక విద్యార్థినితో కలిసి వెళ్ళి చూశాను. టైపు మిషను మీద కొట్టిన గ్రంథం, నీలం అట్ట, అంచులు పెళుసుబారాయి. అక్షరాలు పడని చోట పరిశోధకుడు పెన్నుతో దిద్దుకున్నాడు. ఎప్పుడు స్కాన్ చేస్తారని లైబ్రేరియన్‌ను అడిగాను. వరసలో ఉంది మేడమ్, వర్షాకాలం లోపు చేస్తాం అన్నారు. మా విద్యార్థిని అక్కడే బల్ల మీద కూర్చుని, దాని శీర్షికను తెలుగులోనూ రోమన్ లిపిలోనూ రాసి, కీలకపదాలు చేర్చి, ఆ చీటీని అట్ట లోపల పెట్టింది.