వైరున్న గాలి పంపు: కొన్నేళ్ల టూర్ల తర్వాత

లాంగ్ టూర్ బ్యాగులో నేను మోసే సామానంతటిలో నాకు బాగా ఇష్టమైనది ఒక నల్ల వైరు. గాలి పంపుకి ఉండే కరెంటు వైరు. పంపు మామూలుదే. చేతిలో పట్టేంత ఉంటుంది, కిలో లోపు బరువు, రెండు వేల లోపు ధర. అలాంటివి ఆన్‌లైన్‌లో కుప్పలు తెప్పలుగా దొరుకుతాయి, వివరాలన్నీ అక్కడే చదువుకోవచ్చు. ఈ వైరు బైక్ బ్యాటరీకి తగులుతుంది కాబట్టి బండి స్టార్టవుతున్నంత కాలం గాలికి కరువుండదు. నేను మెచ్చుకునేది ఆ ఒక్క సంగతినే. ఇంతమాత్రానికి ఇంత రాయాలా అనుకునేవాళ్లు ఘాట్ రోడ్డులో సాయంత్రం పూట వెనక టైరు మెత్తబడి ఆగితే అలా అనుకోరు.

దీనికి ముందు నా దగ్గర చార్జింగ్ పెట్టుకునే రకం ఉండేది. ఎంత గాలి కావాలో నంబరు పెట్టి బటన్ నొక్కితే అక్కడికి చేరగానే అదే ఆగిపోతుంది. కనిపించిన ప్రతివాడికీ దాన్నే కొనమని చెప్పాను. మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు నా మాట మీదే కొని, కార్లకు హాయిగా వాడుకుంటున్నారు. సిటీ వరకు ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. టూర్లో దాని కథ వేరు. లాడ్జి గదిలో పనిచేసే ప్లగ్గులు ఒకటో రెండో ఉంటాయి. ఫోను, పవర్ బ్యాంకు, హెల్మెట్ బ్లూటూత్, కెమెరా అయ్యాక గానీ పంపు వంతు రాదు. వారం పాటు పంక్చర్ కాకపోతే దాని ఊసే ఎవరికీ గుర్తుండదు. తీరా కావలసిన రోజు తెర మీద ఒక్క గీత మిగులుతుంది. ఆ గీతతో ఒక టైరు నిండొచ్చు, నిండకపోవచ్చు. రెండోసారికి మాత్రం అది చేతులెత్తేస్తుంది.

ఆ రెండోసారి ఎందుకు వస్తుందో చెప్పాలంటే చింతూరు–మారేడుమిల్లి ఘాట్‌కి వెళ్లాలి. నేనూ మా బావమరిదీ చెరో బండి మీద జగదల్‌పూర్ వెళ్లి, ఇంద్రావతి మీద చిత్రకోట్ జలపాతం చూసి వెనక్కి వస్తున్నాం. సుక్మా, కుంట దాటి చింతూరు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. తిన్నగా భద్రాచలం మీదుగా హైదరాబాద్ వచ్చేస్తే సరిపోయేది. "రాజమండ్రిలో మా పిన్ని వాళ్లింట్లో పడుకుందాం బావా, ఎన్నిసార్లు పిలిచిందో" అన్నాడు వాడు. సరే అని ఘాట్ ఎక్కాం. తులసిపాక దాటిన కాసేపటికి వంపుల్లో నా వెనక చక్రం ఎవరో పక్కకు నెడుతున్నట్టు ఊగడం మొదలైంది. ఆపి చూస్తే గాలి పద్నాలుగు పాయింట్లే (పీఎస్‌ఐ) ఉంది. ట్రెడ్డు గాడిలో మేకు తల మెరుస్తోంది.

నా బండికి స్పోక్ చక్రాలు, ట్యూబు టైర్లు. అంటే ట్యూబ్‌లెస్ వాళ్లలాగా బయటినుంచే చిల్లులో రబ్బరు స్ట్రిప్ గుచ్చేసి పోవడం కుదరదు. యాక్సిల్ నట్టు విప్పాలి, చైను వదులు చెయ్యాలి, చక్రం బయటికి లాగాలి, టైరు అంచు రిమ్ము నుంచి విడిపించాలి, అప్పుడు ట్యూబు. టైరు విప్పే లివర్లున్నాయి, స్పేర్ ట్యూబుంది, ఇంట్లో ఒకసారి విప్పి బిగించి చూసుకున్న ధైర్యమూ ఉంది. కానీ సన్నగా జల్లు పడుతోంది, రోడ్డంతా వాలు, సెంటర్ స్టాండ్ వేస్తే బండి నిలిచేలా లేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు, చెట్ల కింద అప్పుడే చీకటి పడుతోంది. "ఇక్కడ విప్పి ఒక్క నట్టు లోయలోకి దొర్లిందనుకో, తెల్లారేదాకా మనమూ ఇక్కడే బావా" అన్నాడు వాడు. వాడన్నది నిజమే అనిపించింది.

అందుకని పంక్చర్ జోలికే పోలేదు. మేకును ముట్టుకోలేదు, పీకితే చిల్లు ఇంకా తెరుచుకుంటుంది. ఇంజన్ ఆన్ చేసి, సీటు కింద వేలాడే ప్లగ్గుకి పంపు తగిలించి ముప్పై రెండు పాయింట్లు కొట్టాం. వేగం ముప్పై దాటకుండా నడిపాం. ఏడెనిమిది కిలోమీటర్లకు పద్దెనిమిదికి దిగింది. ఆపి మళ్లీ కొట్టాం. ఒకచోట ఎదురుగా వస్తున్న జీపతను వేగం తగ్గించి, "ఇట్టా గాలి కొట్టుకుంటా ఎంత దూరం పోతారు?" అని అడిగాడు. మారేడుమిల్లి దాకా అంటే నవ్వి, "పోండి పోండి, ఇంకో గంటలో ఊళ్లో ఉంటారు" అని వెళ్లిపోయాడు. అలా ఆగుతూ కొడుతూ, బొంగు చికెన్ బళ్లు కట్టేసే వేళకి ఊళ్లోకి చేరాం. చార్జింగ్ పంపుతో ఈ పని జరిగేది కాదు. నా మటుకు వైరు ఖరీదు ఆ సాయంత్రంతోనే తీరిపోయింది.

ఆ రాత్రి ఈ పంపుని ఆకాశానికెత్తేశాను. పొద్దున్నే పంక్చర్ షాపు కుర్రాడు దాన్ని కొంచెం కిందికి దించాడు. టైరు లోంచి ట్యూబు లాగి దులిపితే నల్లటి రబ్బరు పొడి రాలింది. గాలి కొట్టే నిపిల్ మొదట్లో వేలితో వంచి చూపిస్తే సన్నగా పగులు. "గాలి తక్కువుంటే టైరుతో పాటు ట్యూబు కూడా జరుగుద్ది సార్. నిపిల్ రంధ్రంలో ఇరుక్కుని ఉంటది కదా, దాన్నే లాగేస్తది. ఇంకొంచెం పోయుంటే ఊడొచ్చేసేది" అన్నాడు. మేకు చిల్లుకి ప్యాచ్ వెయ్యొచ్చు. నిపిల్ దగ్గర చీలితే ఏ ప్యాచ్ నిలవదు. అలా నా స్పేర్ ట్యూబు అక్కడే ఖర్చయింది. పంపు మనల్ని షాపు దాకా చేరుస్తుంది, దానికి ఒక్కోసారి ఒక ట్యూబు మూల్యం. పంపు ఉంది కదా అని స్పేర్ ట్యూబు ఇంట్లో వదిలేసేవాళ్లకు ఇది చెబుతుంటాను. ఆ కుర్రాడే ఇంకో కిటుకు చూపించాడు. నిపిల్ మీదుండే చిన్న నట్టుని రిమ్ముకి బిగించకుండా మూత దాకా పైకి తిప్పి వదిలెయ్యాలి. ట్యూబు జరిగితే నిపిల్ వాలిపోయి కంటికి కనిపిస్తుంది. బిగించి ఉంచితే నిపిల్ లోపల చీలుతున్నా పైకి తెలియదు.

వైరు బిగించడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది ఇక్కడే విసిగిపోయి పంపుని అటక ఎక్కిస్తారు. పంపుతో పాటు మొసలి నోరులాంటి క్లిప్పులు ఇస్తారు. బ్యాటరీకి వాటిని పట్టించాలంటే సైడ్ ప్యానెల్ విప్పాలి, చీకట్లో ఎరుపేదో నలుపేదో తడుముకోవాలి, క్లిప్పు పక్క లోహానికి తగిలితే నిప్పురవ్వలు. వాటిని పక్కన పడేసి, రింగులున్న చిన్న వైరు ముక్కని బ్యాటరీ టెర్మినళ్లకు శాశ్వతంగా బిగించి, మధ్యలో పదిహేను ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, రెండో చివర రెండు పిన్నుల ప్లగ్గుని సీటు కింద నుంచి బయటికి తీసి జిప్ టైతో కట్టేయించాను. దానికి రబ్బరు మూత తప్పనిసరి, లేకపోతే వానకు పిన్నులు పచ్చగా తుప్పు పడతాయి. హ్యాండిల్ దగ్గర ఫోన్ చార్జింగ్ సాకెట్‌కే పంపు తగిలించొచ్చు కదా అని అడుగుతుంటారు. వద్దు. నా పంపు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, ఫోన్ సాకెట్ అంత తట్టుకోదు. ఇంజన్ ఆపి కొడదామనీ అనుకోవద్దు. బండి బ్యాటరీయే చిన్నది, ఎనిమిది ఆంపియర్-అవర్లది. టైరు నిండినా తర్వాత సెల్ఫ్ కొట్టకపోతే ఏం లాభం?

పైపు చివర మర తిప్పే రకమే తీసుకోండి. నొక్కి పట్టే లివర్ రకం స్పోకులకీ డిస్కుకీ మధ్య సందులో పట్టదు. మర రకంతోనూ చిక్కుంది. మూడు నాలుగు నిమిషాలు నడిచాక ఆ ఇత్తడి ముక్క చురుక్కుమంటుంది. జేబురుమాలు చుట్టి గబగబా తిప్పకపోతే వేలు కాలుతుంది, నెమ్మదిగా తిప్పితే కొట్టిన గాలి రెండు పాయింట్లు పోతుంది. దాని మీటరు కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు, నాది మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. పెన్నులాంటి చిన్న గేజ్ ఒకటి విడిగా మోస్తున్నాను.

లదాఖ్ వైపు వెళ్లాక నా పొగడ్త ఇంకొంచెం తగ్గింది. మనాలీ దాటాక టాండీ బంకులో, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అన్న బోర్డు పక్కన అందరూ ఫొటో దిగేవారు. పెట్రోలు గురించి అంత టెన్షన్ పడేవాళ్లు గాలి గురించి ఆలోచించరు. సర్చూ డేరాల దగ్గర తెల్లారి లేచేసరికి మా బావమరిది ముందు టైరు నేలకంటుకుపోయి ఉంది. చదును నేల, కావలసినంత వెలుతురు, కాబట్టి మేమే విప్పి ట్యూబు మార్చేశాం. గాలి కొట్టడం మొదలుపెట్టాక పంపు మోగుతూనే ఉంది, మీటరు ముల్లు మాత్రం కదలదు. చెడిపోయిందేమో అనుకున్నాం. సర్చూ 4,200 మీటర్లకు పైనే ఉంటుంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే ఆరు పదో వంతులే. పంపు ప్రతి దెబ్బకీ లోపలికి పీల్చేది ఆ పలచటి గాలినే కదా, అందుకే కింద ఐదు నిమిషాల్లో అయ్యే పని అక్కడ ఎనిమిది దాటింది. పది నిమిషాలకు మించి ఆపకుండా నడపొద్దని దాని డబ్బా మీద రాసుంటుంది, మేం మధ్యలో ఆపి చల్లారనిచ్చాం. దమ్ముంటే కాలి పంపు తెచ్చుకోవచ్చు గానీ, అక్కడ బూటు లేసు కట్టుకున్నా ఆయాసం వస్తుంది.

పైకెక్కేకొద్దీ టైరు ఉబ్బుతుందని గాలి తీసేసేవాళ్లూ ఉన్నారు. బయటి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి మనాలీలో కొట్టిన టైరు 5,328 మీటర్ల తంగ్లాంగ్ లా కనుమ మీద గేజ్‌లో నాలుగు పాయింట్ల దాకా ఎక్కువ చూపించాలి, నిజమే. అక్కడి చలి అందులో చాలా భాగం తినేస్తుంది. నేను ముట్టుకోను. పైన తీసేసినవాళ్లు కిందికి దిగాక మళ్లీ కొట్టుకోవాలి, అప్పుడు పంపు కోసం నా దగ్గరికే వస్తారు.

పంపు కాక నా బ్యాగులో మిగతావి పెద్దగా చెప్పుకోదగ్గవి కావు. క్లచ్ కేబుల్‌ని బ్యాగులో పెట్టను, అసలు కేబుల్ పక్కనే పరిచి, రెండు చివర్లకూ ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేయించాను. తెగిన రోజు చివర్లు మార్చి తగిలిస్తే చాలు. క్లచ్, బ్రేక్ లివర్లు చెరొకటి ఉంటాయి, ఆగి ఉన్న బండి పక్కకి పడినా విరిగేవి ముందు అవే. యాక్సిల్ నట్టుకి మంచి రింగ్ పానా, దాని మీదికి తొడగడానికి జానెడు ఇనుప గొట్టం. బండితో వచ్చిన పానా నట్టు మూలల్ని అరగదీయడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. ఫ్యూజులు, ఒక చైన్ లింకు (క్లిప్పు మూసిన వైపు చైను తిరిగే దిశకి ఉండాలి), ఎం-సీల్, బైండింగ్ వైరు, నెత్తికి పెట్టుకునే లైటు. పంక్చర్ సొల్యూషన్ ట్యూబు ఒకసారి మూత తీస్తే వచ్చే టూర్‌కి ఎండిపోతుంది, ఎప్పుడూ విప్పనిదే పెట్టుకోండి. సాకెట్ల పెట్టె మొత్తం మోయడం మానేశాను. ఇంటి దగ్గర ఈ సంచిలో ఉన్నవాటితోనే చక్రం విప్పి చూసుకుంటే ఏది కావాలో ఏది దండగో తెలిసిపోతుంది.

ఇంతకీ కొనాలా? ట్యూబు టైర్లు, నాలుగు రోజులకు మించిన టూర్లు, వెంట ఒక్కరో ఇద్దరో ఉంటారు అనుకుంటే కొనండి, వైరు ముందే బిగించుకోండి. ట్యూబ్‌లెస్ అలాయ్ చక్రాలైతే స్ట్రిప్పులు గుచ్చి ఒకసారి గాలి కొడితే సరిపోతుంది కాబట్టి చార్జింగ్ రకమైనా పర్వాలేదు, రాత్రిళ్లు గుర్తుపెట్టుకుని చార్జింగ్ పెట్టగలిగితే. వెనకాల మెకానిక్కుతో సహా వ్యాను వచ్చే గ్రూపులతో వెళ్లేవాళ్లకి ఏదీ అక్కర్లేదు. పాత కార్బురేటర్ బళ్లలో చార్జింగ్ సిస్టమ్ బలహీనంగా ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించి గానీ దీన్ని తగిలించొద్దు. మా బావమరిది మాత్రం ఇప్పటికీ కొనలేదు. నా దగ్గర ఉందిగా అంటాడు. ఇద్దరం కలిసి వెళ్లినంత కాలం వాడికీ అవసరం లేదు.