హాగ్‌చోకర్ పెంపకం: నాలుగో ఏట నా అభిప్రాయం

అమెరికా పెట్ షాపుల్లో ‘ఫ్రెష్‌వాటర్ ఫ్లౌండర్’ అని చీటీ అంటించి అమ్మేది చాలావరకు హాగ్‌చోకర్ చేపే. కొనేటప్పుడు రెండంగుళాలు కూడా ఉండదు. బల్లపరుపు ఒళ్లు, గోధుమరంగు మీద సన్నటి నల్ల చారలు, రెండు కళ్లూ ఒకే వైపు. మన కోస్తాలో వలకు పడే నాలుక చేపలకు దూరపు చుట్టం. న్యూజెర్సీలో మా ఇంట్లో రెండున్నాయి, నాలుగో ఏడు నడుస్తోంది. చేప గట్టి పిండమే, చిన్నాచితకా తేడాలకు జబ్బు పడదు. ఇళ్లలో ఇది ఎక్కువగా చచ్చిపోయేది ఆకలితో.

“ఉప్పు అక్కర్లేదు, అడుగున మిగిలిన తిండి తినేస్తుంది, ట్యాంక్ కూడా శుభ్రంగా ఉంటుంది” అని షాపులో చెప్పారు. మొదటి మాట సగం నిజం, మిగతాది ఉత్తదే. ఇది ఇక్కడి అట్లాంటిక్ తీరపు చేప. చెసాపీక్ అఖాతంలోనూ, డెలావేర్, హడ్సన్ నదుల్లోనూ ఉంటుంది. వేసవిలో పెద్ద చేపలు నది సముద్రంలో కలిసే ఉప్పు నీళ్లలో గుడ్లు పెడతాయి. పిల్లలు ఎగువకు వెళ్లి, ఉప్పు దాదాపు లేని నీళ్లలో పెరుగుతాయి. షాపులో మంచినీళ్లలో హాయిగా కనిపించేవి ఆ వయసువే. ఏళ్ల తరబడి ఉంచుకోవాలంటే కాస్త ఉప్పు కలపడమే మేలని నా అభిప్రాయం. నేను లీటరుకు సుమారు 4 గ్రాములు వేస్తాను, అదీ కొన్ని వారాల్లో మెల్లగా పెంచుకుంటూ వచ్చాను. వంట ఉప్పు కాదు, సముద్రపు చేపల ట్యాంకులకు అమ్మే సాల్ట్ మిక్స్. కాల్షియం, మెగ్నీషియం అందులోనే వస్తాయి, పీహెచ్ కూడా పడిపోదు.

ట్యాంక్ 20 గ్యాలన్లది, 30 అంగుళాల పొడవు. దీనికి ఎత్తుతో పని లేదు, అడుగున జాగా కావాలి. గులకరాళ్లు మాత్రం వద్దు, పొట్ట ఒరుసుకుపోతుంది. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలో వాడే సన్న ఇసుక కడిగి రెండంగుళాల మందాన వేశాను. చేప దానిలో దిగడం చూసి తీరాలి. అంచు రెక్కలు ఒక్కసారి గబగబా ఆడిస్తుంది, ఇసుక లేచి మళ్లీ దాని వీపు మీదే పడుతుంది. రెండు కళ్లు మాత్రం పైకి ఉంటాయి, ఒకటి అటు, ఒకటి ఇటు తిరుగుతూ. పుట్టినప్పుడు అన్ని చేపల్లాగే చెరో వైపూ కన్ను ఉంటుంది, పెరిగేటప్పుడు ఎడమ కన్ను కుడి వైపుకు వచ్చేస్తుంది.

ఇక తిండి. పొడి మేత అస్సలు ముట్టదు, ఇన్నేళ్లలో మా రెండూ ఫ్లేక్స్ వైపు చూడనైనా చూడలేదు. మొదట్లో బతికున్న బ్లాక్‌వార్మ్స్ అనే సన్నటి నీటి పురుగులు వేశాను, ఫ్రిజ్‌లో ఓ డబ్బా వాటికే. మా ఆవిడ ఆ డబ్బాను పెరుగు గిన్నె పక్కన పెట్టడానికి ఇప్పటికీ ఒప్పుకోలేదు. తర్వాత ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (గడ్డకట్టించి అమ్మే ఎర్ర పురుగులు) అలవాటయ్యాయి. లైటు ఆర్పిన అరగంటకు, కరిగించిన పురుగుల్ని పొడవాటి పిపెట్‌తో (చుక్కల మందు గొట్టం లాంటిది) దాని మూతి ముందు వదలాలి. వెంటనే తింటుందనుకోవద్దు. ఆలోచించి, కొంచెం జరిగి, అప్పుడు లటుక్కున లాగుతుంది. ఈలోపు ట్యాంకులో చురుకైన చేప ఇంకొకటి ఉంటే దీనికి ఏమీ మిగలదు. ఆ ఉప్పు నీళ్లు మోలీలనే చిన్న చేపలకు కూడా పడతాయని వేసి చూశాను, అవి పిపెట్ కనిపిస్తే చాలు మీద పడేవి. వాటిని వేరే ట్యాంకుకు మార్చాక హీటర్ కూడా తీసేశాను. ఇంట్లో ఉండే 20 డిగ్రీలు వీటికి సరిపోతున్నాయి. ఇప్పుడు తోడు నెరైట్ నత్తలు మాత్రమే.

సరిగ్గా తింటోందో లేదో తెలుసుకోవడానికి సులువైన మార్గం ఉంది. రాత్రిళ్లు ఇది అద్దానికి పెనం మీద దోసెలా అతుక్కుంటుంది. తెల్లటి కింది వైపు, వంకర మూతి, కొట్టుకునే మొప్ప అన్నీ బయటి నుంచి కనిపిస్తాయి. తల వెనక నిండుగా ఉంటే టెన్షన్ లేదు, గుంట పడితే తిండి చాలట్లేదని అర్థం. కొనేటప్పుడు కూడా షాపులో అద్దానికి అంటుకున్న దాన్నే అడగండి. గుంట పడినదాన్ని ఎంత చవకగా ఇచ్చినా తేవద్దు. తిన్నంత తిని వదిలేసిన పురుగులు ఇసుకలో కుళ్లుతాయి కాబట్టి మర్నాడు పొద్దున సైఫన్ గొట్టంతో వాటిని లాగెయ్యక తప్పదు, వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. ‘శుభ్రం చేసే చేప’ సంగతి ఇదీ. ఫిల్టర్‌కు స్పాంజ్ పెడితే చాలు.

పగలంతా కదలకుండా పడుంటుంది కాబట్టి వచ్చిన చుట్టాలకు ఖాళీ ట్యాంకే కనిపిస్తుంది. పిల్లల సరదా కోసమైతే గప్పీలు కొనండి. గుడ్లు, పిల్లలు అనే ఆశ కూడా ఇంట్లో పెట్టుకోవద్దు.

నాకు అసలు ఇబ్బంది ఇండియా ప్రయాణాల్లో. ఆటోమేటిక్ ఫీడర్ పొడి మేతే వేస్తుంది, ఇది తినదు. ఇప్పుడు వెళ్లేముందు బ్లడ్‌వార్మ్స్‌ను ఫ్రీజర్‌లో పూటకో ముక్క చొప్పున విడివిడి కవర్లలో పెట్టి, పక్కింటి కుర్రాడికి పిపెట్ పట్టుకోవడం నేర్పిస్తున్నాను. రోజూ రానక్కర్లేదు, ఆకలి మీద లేని పెద్ద చేపకు రెండు రోజులకోసారి పడినా చాలు.